సున్నా పాయింట్లు, పొరుగింటి పళ్ళెం

యూరప్ పాటల పోటీలో మన మాల్టాకు మొన్న శనివారం సున్నా పాయింట్లు వచ్చాయని దేశమంతా ముక్కు చీదుతోంది. నేను మాత్రం ఆదివారం పొద్దున్నే చర్చికెళ్ళి కొవ్వొత్తి వెలిగించి వచ్చాను. సున్నా అంటే శాపం కాదు, వరం! ఎలాగో చెబుతాను, కాస్త స్థిమితంగా కూర్చోండి.

గెలిచామనే అనుకుందాం. గెలిచినవాళ్ళు మరుసటి ఏడు పోటీని తమ దేశంలో జరపాలి. ఎక్కడ జరుపుతాం? పోయిన ఆగస్టులో మా ఊరి ఉత్సవం నాడు కారు నిలపడానికి జానెడు చోటు దొరక్క, పక్క ఊళ్ళో నిలిపి నడిచి వచ్చాను. ఆ పక్క ఊరివాడు తన కారు తెచ్చి మా గుమ్మం ముందు నిలిపాడు. అలాంటిది నలభై దేశాల జనం, వాళ్ళ డ్రమ్ములు, దీపాలు, బట్టల పెట్టెలు ఒక్కసారిగా దిగితే ఈ దీవి ఒక పక్కకు ఒరిగిపోదూ?

పైగా గెలిస్తే మనం మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది? ఫిబ్రవరి నుంచి మే దాకా "ఈసారి మనదే" అనుకుంటాం. మే నుంచి ఫిబ్రవరి దాకా "ఘోరం, అన్యాయం" అనుకుంటాం. ఏడాది ఇట్టే గడిచిపోతుంది. గెలిచినవాళ్ళకు ఈ కాలక్షేపం ఏది పాపం? ఒక్క రాత్రి గంతులేసి మర్నాడు పనిలోకి పోతారు.

నేను గాలి కబుర్లు చెప్పే మనిషిని కాను. పోస్టాఫీసులో ముప్పై మూడేళ్ళు ఉత్తరాలు వేరు చేసిన చేతులివి. ఎక్కడి నుంచి ఎక్కడికి ఏది పోతుందో నాకు ఇట్టే తెలిసిపోతుంది. రిటైరైన ఏడాదే మా ఎర్ర క్లబ్బు బారులో గోడకు యూరప్ మ్యాపు ఒకటి తగిలించాను. ఎవరు ఎవరికి ఓటేశారో గుండుసూదులు గుచ్చి, వాటి మధ్య దారాలు కట్టాను. ఇప్పుడా మ్యాపు సాలెగూడులా ఉంది. మాంసం ఆవిరికి కాస్త జిడ్డు పట్టిందే గానీ అందులోని నిజం చెక్కు చెదరలేదు.

నిజం ఏమిటంటే, పొరుగువాడు పొరుగువాడికే వేస్తాడు. గ్రీసు సైప్రస్‌కు పన్నెండుకు పన్నెండు పాయింట్లు వేస్తుంది, సైప్రస్ గ్రీసుకు పన్నెండు వేస్తుంది. ఇద్దరి గొంతులూ పూడుకుపోయి ఉన్నా సరే! ఉత్తరాన మంచుదేశాలవాళ్ళు ఒకే బంతిలో కూర్చున్న చుట్టాల్లాగా ఒకరి విస్తట్లో ఒకరు వడ్డించుకుంటారు.

మరి మన పొరుగెవరు? నాలుగు దిక్కులా సముద్రం. సముద్రంలో చేపలు. చేపలకు ఫోన్లు లేవు. ఉత్తరాన ఇటలీ ఉంది గదా అంటారు మీరు. ఇటలీ మనకు వీపు పెట్టి కూర్చున్న దేశం. దక్షిణాన లిబియా ఉంది గానీ ఈ పోటీలో దానికి ఓటే లేదు. మన ఓటు మనం వేసుకుందామంటే రూలు ఒప్పుకోదు.

దూరపు చుట్టాలను నమ్ముకుందామా? ఆస్ట్రేలియాకు ఓటుంది. మెల్‌బోర్న్‌లో మా మేనత్త కూతురుంది. మూడు నెలల ముందు నుంచీ దానికి గుర్తు చేస్తూనే ఉన్నాను. తీరా ఫోను చేస్తే, "మనవాడికే వేశాను విట్టోర్, ఆ పొడుగు జుట్టువాడే గదా" అంది. మనవాడికి గుండు.

కాబట్టి మన ఓటమికి మనం బాధ్యులం కాము. ఇంతకంటే వరం ఏముంటుంది? ఆడలేక మద్దెల ఓడు అన్నారని సామెతలు చెప్పకండి. మద్దెల నిజంగానే ఓడు, నా దగ్గర మ్యాపుంది.

సరే, కొందరు వంకర మనుషులుంటారు. వాళ్ళు ఇక్కడ గొంతు సవరించుకుని, "ఆ గుండు క్లేటన్‌ను అసలెందుకు పంపారు? మార్తీజ్‌ను పంపి ఉండొచ్చు గదా?" అంటారు. అది వేరే విషయం. ఈ వ్యాసానికి దానితో ఏ సంబంధమూ లేదు. అయినా అడిగారు గనక చెబుతాను.

మార్తీజ్ మా పక్కింటి పిల్ల. తల్లీ తండ్రీ లేరు, నాయనమ్మ చెన్సత్త పెంచింది. వాళ్ళ పెరటికీ మా పెరటికీ మధ్య ఒక్కటే రాతిగోడ. ఐదో ఏట నుంచీ సాయంత్రం నాలుగింటికి ఆ పిల్ల బట్టలారేసే తాడు పక్కన నిలబడి పాడుతుంది. అదే వేళకు నేను గోడకు ఇవతల కుర్చీ వేసుకుని గ్లాసులో టీ తాగుతాను. పాటలో ఏ మాట దగ్గర ఊపిరి తీసుకుంటుందో నాకు తెలుసు. పై స్వరానికి వెళ్ళే ముందు కాలి బొటనవేలు నేలకు నొక్కుతుందని కూడా తెలుసు. గోడలో ఒక రాయి వదులుగా ఉందిలెండి.

ఆ గోడ మీదుగా మా రెండిళ్ళ మధ్య ముప్పై ఏళ్ళుగా నీలం అంచు పింగాణీ పళ్ళెం ఒకటి తిరుగుతోంది. మా ఆవిడ ఫిలోమెనా అందులో మకరోనీ పంపుతుంది. అది చెన్సత్త చేతి కుందేలు కూరతో తిరిగొస్తుంది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ ఆ కూరకు సామెత సాయం అక్కర్లేదు. పళ్ళెం అసలు ఎవరిదో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

యూరప్‌కు ఎవరిని పంపాలో తేల్చే జాతీయ పోటీలో ఆ పిల్లకు రెండేళ్ళు వరసగా మూడో స్థానం వచ్చింది. ఈసారీ కాకపోతే ఇక పాట మానేసి మందుల షాపు పనే చూసుకుంటానని నాయనమ్మతో అంది. గోడ ఇవతల నాకూ వినబడింది.

కానీ వాళ్ళది నీలం క్లబ్బు. మాది ఎర్ర క్లబ్బు. ఊరొకటే, చర్చి ఒకటే, మొక్కే పునీతులు మాత్రం ఇద్దరు. అందుకని ఊరికి బ్యాండు క్లబ్బులు రెండు, బ్యాండ్లు రెండు, బాణసంచా కొట్లు రెండు. ఏ పునీతుడికి ఎన్ని టపాకాయలు పేలాయన్నది ఇక్కడ జీవన్మరణ సమస్య. ఇది తెలియనివాళ్ళు ఈ దేశంలో ఎవరూ లేరు.

ఫిబ్రవరిలో జాతీయ పోటీ ఫైనలు నాటి సాయంత్రం మా బారులో అత్యవసర సమావేశం పెట్టాడు నార్దు. నార్దు బారు నడుపుతాడు, క్లబ్బుకు అధ్యక్షుడు కూడా.

"ఆ పిల్ల గెలిస్తే ఊరేగిస్తారు. మన గుమ్మం ముందు ఆపి మరీ వాయిస్తారు" అన్నాడు గ్లాసు తుడుస్తూ.

"పోయినసారి వాళ్ళ కొత్త జెండాకే ఇరవై నిమిషాలు ఆపారు" అని మూల నుంచి ఒకాయన గుర్తు చేశాడు.

"పిల్ల బాగా పాడుతుంది గదరా" అన్నాను నేను. అన్నాను, రాసుకోండి.

"పాట సంగతి ఎవడడిగాడోయ్ నిన్ను? నలభై ఏళ్ళు చెప్పుకుంటారు వాళ్ళు, మనం చెవులు మూసుకుని తిరగాలి. మ్యాపు పెట్టింది నువ్వే గదా, చెప్పు. ఎవడికి వేస్తే మన ఓటు దండగైపోతుంది? ఆ పిల్లకు పోకూడదు, ఇంకెవడూ గెలవకూడదు. ఊరికే గంగలో కలవాలి."

బారు మొత్తం నావైపు తిరిగింది. నా విద్యను అంత శ్రద్ధగా విన్న రోజు అంతకు ముందు లేదు, తర్వాతా లేదు. మీరైతే ఏం చేసేవారు?

క్లేటన్ పేరు చెప్పాను. మన దేశంలోనే పడవెక్కి పోవాల్సిన గోజో దీవి మనిషి, పైపులు బాగుచేసే పని. వానకోటు వేసుకుని డాల్ఫిన్ మీద పాట పాడాడు. రిహార్సల్లో రెండో చరణం మరిచిపోయి ఆ చోట ఈల వేశాడని పత్రికలో చదివాను. ఇతనికి ఓటేస్తే అది ఎవరినీ గెలిపించదు, ఎవరినీ నొప్పించదు. ఇరవై ఆరు ఫోన్లు ఒకేసారి బయటికి వచ్చాయి.

తర్వాత తెలిసింది. ఈ దేశంలో ఊరికి రెండు క్లబ్బులున్నాయి. క్లబ్బుకొక మేధావి ఉన్నాడు. ప్రతి ఊళ్ళోనూ అవతలి క్లబ్బువాళ్ళ పిల్లో పిల్లవాడో పోటీలో ఉన్నారు. పక్కవాడికి శకునం చెడాలని మన ముక్కు మనం కోసుకోవడం మా ఊరి సొంత విద్య అనుకున్నానే, అది జాతీయ విద్య అట!

అన్ని ఊళ్ళ దండగ ఓట్లూ ఒక్కచోటే పడి క్లేటన్ గెలిచాడు. ఆ సంగతి క్లేటన్‌కే తెలియదు. తను ఎలాగూ గెలవనని, ఇంటికి పోయే పడవ అందుకోవాలని రేవులో వరసలో నిలబడ్డాడట. వాళ్ళమ్మ వెనక నుంచి చొక్కా పట్టుకుని లాక్కొచ్చింది.

మార్తీజ్‌కు రెండో స్థానం. తేడా పంతొమ్మిది ఓట్లు.

ఇక్కడ నా లెక్క జాగ్రత్తగా వినండి. నా ఒక్క ఓటు తీసేసినా ఆ పిల్ల పద్దెనిమిది తేడాతో ఓడిపోయేది. కాబట్టి నేను నిర్దోషిని. మిగతా ఇరవై ఐదుగురూ ఇదే లెక్క వేసుకుని వాళ్ళూ నిర్దోషులయ్యారు. తిలాపాపం తలా పిడికెడు పంచుకుంటే చివరికి ఎవరి పిడికిట్లోనూ ఏమీ ఉండదని గణితం చెబుతోంది.

ఫిబ్రవరి నుంచి సాయంత్రం నాలుగింటికి గోడ అవతల బట్టల క్లిప్పుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. చాలా ప్రశాంతంగా ఉంది. టీ మాత్రం ఎందుకో రోజూ సగంలోనే చల్లారిపోతోంది.

ఇక మొన్నటి శనివారం. బారులో టీవీ ముందు అందరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. దేశం తర్వాత దేశం వచ్చి పొరుగువాళ్ళకు పన్నెండు వేసి పోయింది. మనకు ఎవరూ ఒక్క పాయింటు కూడా విదల్చలేదు. నేను కుర్చీ ఎక్కి మ్యాపు చూపిస్తూ, "పొరుగు పొరుగంటూ ఓట్లేసుకునే ఈ జనానికి సిగ్గు లేదు! పాట వినేవాడే లేడా?" అని ఉపన్యాసం మొదలుపెట్టాను. చప్పట్లు కూడా పడ్డాయి. ఎదురు క్లబ్బులో నీలంవాళ్ళు కూడా కిటికీల్లోంచి తలలూపారు. ఏళ్ళ తర్వాత ఊరు ఒక్కటైంది. సున్నా వల్ల ఎంత మేలో చూడండి.

అప్పుడు నార్దు నోరు జారాడు. దుఃఖంలో ఉన్నాడు, రెండు గ్లాసులు ఎక్కువే పడ్డాయి. "కుర్చీ దిగవోయ్ విట్టోర్. నువ్వు చెప్పబట్టే గదా అందరం ఆ గుండువాడికి వేశాం. నీ పక్కింటి పిల్ల వెళ్ళి ఉంటే ఈ ఖర్మ పట్టేదా?"

కిటికీలు తెరిచే ఉన్నాయి. వీధి అవతల తలలు ఊగడం ఆగిపోయింది.

ఆదివారం కొవ్వొత్తి వెలిగించి తిరిగి వస్తుంటే చెన్సత్త గుమ్మంలో కుర్చీ వేసుకుని చిక్కుడు గింజలు ఒలుస్తోంది.

"ఎన్నొచ్చాయి విట్టోరూ?" అంది తలెత్తకుండా.

"సున్నా అత్తా."

"పొరుగువాళ్ళెవరూ వేయలేదా?"

"మనకు పొరుగెవరున్నారత్తా? చుట్టూ సముద్రమే."

ఆవిడ ఒక కాయ ఒలిచి గింజలు గిన్నెలో వేసింది. ఇంకో కాయ తీసుకుంది. "అవునులే నాయనా, సముద్రమే" అంది.

లోపల మార్తీజ్ నేల తుడుస్తోంది. ఎప్పుడూ "మామయ్యా, ఎండలో ఎక్కడికెళ్ళొస్తున్నావ్?" అని పలకరించే పిల్ల, ఆ రోజు నీళ్ళ బకెట్టు తీసుకుని వెనక్కి వెళ్ళిపోయింది. నిజం చెప్పేస్తున్నాను, నాకు సిగ్గేసింది.

మధ్యాహ్నానికి గోడ మీద పళ్ళెం కనబడింది. శనివారం మేము మకరోనీ పంపిన పళ్ళెమే. తళతళా కడిగి, తుడిచి, బోర్లించి ఉంది. ఫిలోమెనా దాన్ని తిరగేసి చూసింది.

"ముప్పై ఏళ్ళలో ఈ పళ్ళెం ఉత్తగా రాలేదు" అంది.

"కడిగే పని తప్పింది గదా, మంచిదే" అన్నాను.

"నువ్వు వాడికి వేశావని నాకు ఫిబ్రవరిలోనే తెలుసు. ఆ రాత్రి వచ్చి కూర తినకుండా పడుకున్నావు." అని వంటింట్లోకి వెళ్ళి కొత్తగా మకరోనీ చేసి, పళ్ళెం నింపి నా చేతిలో పెట్టింది. "గోడ మీద పెట్టకు. గుమ్మంలోంచి వెళ్ళి ఇవ్వు."

మా గుమ్మానికీ వాళ్ళ గుమ్మానికీ మధ్య నాలుగడుగులు. పళ్ళెం పట్టుకుని రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ వెనక్కి వచ్చాను. మూడోసారికి మకరోనీ చల్లారిపోయింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. పాఠకులారా, రచ్చ సంగతి నాకు వదిలేయండి. వచ్చే మేలో ఏ దేశం ఎవరికి ఎన్ని పాయింట్లు వేస్తుందో అడగండి, ఇప్పుడే రాసిస్తాను, ఒక్కటి కూడా తప్పదు. ఈ పక్కింటి తలుపు ఎలా తట్టాలో మాత్రం మీలో ఎవరికైనా తెలిస్తే దయచేసి నాకు చెప్పండి. పళ్ళెం ఇంకా నా చేతిలోనే ఉంది.