పులికి పొడుగు చెవులు

ఆ రోజుకు సీతారాములు వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. పొద్దున్నే చాయ్ తాగి, మగ్గం మీద మిగిలిన మూరెడు నేసి, పదకొండింటికి తెర కోసి, పన్నెండింటికల్లా పండుగ జరిగే గుడి ముందు నేత సంఘం అధ్యక్షుడు రాంచందర్ చేతిలో పెట్టాలి. తెర మీద పులినెక్కిన గడ్డపు భావనారుషి, అంటే నేతగాళ్ళ మూలపురుషుడు, నిలువెత్తున కనబడాలి. నచ్చిందా, చండూరులో ఏడాదంతా చేతినిండా పని. నచ్చలేదా, మగ్గం విప్పేసి పట్నంలో బావమరిది చూసిపెట్టిన అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మెన్‌గా పోవాలి. భార్య వెంకటనర్సమ్మ అప్పటికే బట్టల సంచీ సర్ది తలుపు వెనక పెట్టింది. అది కంటబడ్డప్పుడల్లా పాపం ఆయన మొహం తిప్పుకొని మగ్గం వైపు నడిచేవాడు.

బొమ్మ గీసింది కూతురు మంజుల. ఆ పిల్లది హైదరాబాదులో వీడియో గేముల కంపెనీలో బొమ్మలు గీసే కొలువు. రెండు నెలల కింద ఫోనుకు రెండు బొమ్మలు పంపి, "బాపూ, మొదటిది నీ తెరకు. రెండోది మా ఆఫీసుది, ఊకె చూడు" అంది. ఫోనులో మొదటిది పైన ఉంటుంది. కానీ ముప్పై ఏళ్ళుగా కింది అంచు నుంచి పైకి నేసుకుంటూ పోయిన మనిషికి మొదలంటే కిందే గదా! చిన్న ఫోనులో గడ్డం ఒక్కటి ఆనవాలు పట్టి, సీతారాములు భద్రంగా కిందిదాన్ని పట్టుకుపోయి గళ్ళ కాగితం మీద అచ్చు వేయించాడు.

మరి నేసేటప్పుడైనా చూసుకోలేదా అంటారేమో. ఎక్కడ చూస్తాడు! కాగితాన్ని పట్టీలు పట్టీలుగా మడిచి, గడిగడికీ లెక్కపెట్టి, నూలుకు రబ్బరు ముక్కలతో చిటికెలు, అంటే రంగు అంటకుండా ముడులు, కట్టి రంగులో ముంచుతాడు. నేసిన బట్ట నేసినట్టే కర్రకు చుట్టుకుపోతుంది. ఒక్కసారి మాత్రం పులికి చెవులు కాస్త పొడుగ్గా వచ్చాయనిపించింది. ఇప్పటి పిల్లలు గీసే పులులు ఇట్లాగే ఉంటాయేమోలే అని సరిపెట్టుకున్నాడు.

పన్నెండింటికి డప్పుల మోత మధ్య ఇద్దరు మనుషులు స్టూళ్ళెక్కి తెర దించారు. డప్పు టక్కున ఆగిపోయింది. కుండంత పొట్ట, ఎర్రటి గడ్డం, చేతిలో పొట్టి సుత్తె, కాళ్ళ దగ్గర రెండు మేకలు!

"ఏందయ్యా సీతారాములూ, పులేది?" అన్నాడు రాంచందర్.

"గదే అన్నా... జర చెవులు పొడుగైనయ్."

"అవి కొమ్ములయ్యా!"

పండుగకని పొద్దున బస్సుకే వచ్చిన మంజుల నెత్తి పట్టుకుంది. "అయ్యో బాపూ, గీయన థోర్! ఉత్తరాన మంచు దేశాల ఉరుముల దేవుడు. మా గేము కోసం గీసిన!"

"దేవుడికి గా పొట్టేంది బిడ్డా?" అన్నాడు రాంచందర్.

"గడ్డం, సుత్తె, మేకలు పాత కథలల్ల ఉన్నయే పెద్దబాపూ. పొట్ట మేం పెట్టినం. ఒక కంపెనీ సన్నగ చేస్తది, ఇంకో కంపెనీ తాగుబోతును చేస్తది."

"దేవుణ్ణి ఎట్ల పడితే గట్ల మారుస్తరా? అడిగెటోడు లేడా? నడువు, తెర చుట్టు!"

వెంకటనర్సమ్మ ఇంటివైపు నడిచింది. సంచీ కోసమేనని సీతారాములుకు తెలుసు. అంతమందిలో ఏడ్వలేక తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

అది చూసి మంజులకు ప్రాణం ఉసూరుమంది. నోటికొచ్చిందల్లా చెప్పడం మొదలుపెట్టింది. "గొప్ప దేవుడే పెద్దబాపూ! బండికి మేకలను కట్టుకొని తిరుగుతడు. ఆకలైతే ఆ మేకలనే కోసుకొని తింటడు. తెల్లారి, తినంగ మిగిలిన బొక్కల మీద సుత్తె ఆనిస్తే మల్ల లేచి నడుస్తయి!"

మందను తోలుకుపోతూ తమాషా చూడ్డానికి ఆగిన మేకల ఐలేశం జనాన్ని తోసుకొని ముందుకొచ్చాడు. "బిడ్డా, జర మల్ల చెప్పు. తిన్న మేకలు లేస్తయా?"

"లేస్తయి కాకా."

"నావి పదకొండు మొన్న రోగానికి వాయె! గీ దేవుణ్ణి మాకియ్యుండ్రి!" అంటూ తెర కొస పట్టుకున్నాడు.

అప్పటిదాకా తెరను అవతల పారేద్దామనుకున్న రాంచందర్‌కు ఉన్నట్టుండి పౌరుషం పొడుచుకొచ్చింది. "విడువు ఐలేశం! మా నేతగాని చేతుల పుట్టిన దేవుడు, మీకెట్లిస్తం?" అని రెండో కొస అందుకున్నాడు. వీళ్ళిటు, వాళ్ళటు లాగుతుంటే, కాపరి లేని మేకలు గుడి అరుగెక్కి మామిడి తోరణాలు, అరటి పిలకలు, అధ్యక్షుడి పూలదండ వరుసగా ఆరగించాయి. వాటిని అదిలించబోయి డప్పులాయన డప్పు మీదే పడ్డాడు. సరిగ్గా అప్పుడే ఫెళ్ళున ఉరిమింది.

నెలరోజులుగా చినుకు చూడని ఊరది. ఒక్కసారిగా వాన దంచికొట్టింది. రాంచందర్, ఐలేశం ఇద్దరూ కొసలు వదిలేసి, తడుస్తూనే పొట్ట దేవుడికి దండం పెట్టారు. ఇంతలో వెంకటనర్సమ్మ సంచీని తలమీద బోర్లించుకొని వచ్చింది. అందులో బట్టలు లేవు.

"గొడుగు దొరకలే" అంది మొగుడి మొహం చూడకుండా.

వానకు మెత్తబడ్డ రాంచందర్ అసలు తెర మళ్ళీ నేసిమ్మని సీతారాములుకు చెప్పడంతో, పొట్ట దేవుడు ఐలేశం వాడకు ఊరేగింపుగా వెళ్ళాడు. అట్లాంటివి ఇంకో ఐదు కావాలని చుట్టుపక్కల మేకలవాళ్ళంతా సీతారాములు మగ్గం ముందు వరుసకట్టారు. మంజుల ఊరేగింపు ఫోటోలు చూపిస్తే, కంపెనీ వాళ్ళు ముచ్చటపడి గేములో థోర్ భుజం మీద మేకలకాపరుల గొంగడి వేయించారు.

రెండు నెలలకు అసలు తెర పూర్తయింది. ఈసారి సీతారాములు పులి చెవులను మూడుసార్లు కొలిచి మరీ నేశాడు. గుడి ముందు దించితే భావనారుషి కళకళలాడిపోయాడు. అందరూ భేషన్నారు. రాంచందర్ మాత్రం మబ్బు లేని ఆకాశం వైపు ఓసారి చూసి, సీతారాములు చెవిలో మెల్లగా అడిగాడు:

"అంత మంచిగనే ఉంది గని, మేకలేవయ్యా?"