సాఫ్ట్ అని రాసున్న బటన్

ఆ ఉదయం మేస్త్రిగారింట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురు రెండు నెలలు కూర్చుని అట్టతో, పల్చని చెక్కతో చేసిన గ్రంథాలయం నమూనాను కారులో పెట్టుకుని, పదింటిలోగా పోటీ కార్యాలయంలో అప్పగించి, ఇంటికొచ్చి టిఫిన్ తినాలి. దూరం ఆరు కిలోమీటర్లు. నమూనాలో మూడంతస్తుల భవనం, ఒక గడియారపు స్తంభం, అగ్గిపుల్లంత ఎత్తున నూట నలభై చెట్లు ఉన్నాయి. నెగ్గిన నమూనాను నిజంగానే కడతారు. కట్టించే ఉద్యోగం కూడా దాన్ని చేసినవాళ్ళకే ఇస్తారు. కాకపోతే ఆ కట్టేది వేరే ఊళ్ళో, కారులో ఒక పగలంతా పట్టే దూరంలో. అందుకని తల్లికి వారం రోజులుగా రెండు కోరికలు. అది నెగ్గాలని ఒకటి, నెగ్గకూడదని ఒకటి.

"వ్యాన్ మాట్లాడతాను నాన్నా," అంది కూతురు.

"వ్యానా? ఇంట్లో ఇలాంటి బండి పెట్టుకుని వ్యానా? ఎవరైనా వింటే నవ్విపోతారే!"

మేస్త్రిగారు నలభై ఏళ్ళు మోటార్లకు తీగ చుట్టిన మనిషి. ఆయన కారు కూతురికంటే మూడేళ్ళు పెద్దది. దాని గేరు పక్కన రెండు బటన్లుంటాయి. ఒకదాని మీద సాఫ్ట్ అని, రెండోదాని మీద స్పోర్ట్ అని రాసి ఉంటుంది. ఏది నొక్కితే దాని పైన చిన్న దీపం వెలుగుతుంది. ఆ బటన్ల గురించి వినకుండా ఆ వీధిలో ఎవరూ తప్పించుకోలేదు. పాలు పోసేవాడు కూడా పరీక్ష రాసి పాసవగలడు.

"ప్రతి చక్రం దగ్గరా ఒక షాక్ అబ్సార్బర్. దాంట్లో నూనె," అని కూతురికి వెయ్యోసారి మొదలుపెట్టాడాయన. "నూనె పోయే కంత పెద్దదైతే బండి మెత్తగా పోతుంది. చిన్నదైతే గట్టిగా ఉంటుంది. ఆ కంతని తిప్పే కడ్డీ ఒకటి, కడ్డీని తిప్పడానికి పైన బుల్లి మోటారు ఒకటి. నాలుగు చక్రాలకి నాలుగు మోటార్లు. మనం బటన్ నొక్కగానే నాలుగూ ఒక్కసారే తిరుగుతాయి. నాలుగింటినీ ఊడదీసి, శుభ్రం చేసి, ఈ చేతుల్తో బిగించాను."

"అది నేను పుట్టకముందు కదా నాన్నా."

"అయితే? ఇరవై తొమ్మిదేళ్ళలో మీ అమ్మ ఒక్కసారి నడుం నొప్పి అందేమో అడుగు!"

తల్లి చేతిసంచి తీసుకుని మామూలుగా ముందు సీటు వైపు నడిచింది.

"అమ్మా, నువ్వు వెనక కూర్చో. నీ చేతులైతే వణకవు. నమూనా నువ్వే పట్టుకోవాలి," అంది కూతురు.

"నేను ముందే కూర్చుంటానమ్మా. నాకు అక్కడే అలవాటు."

"ఈ ఒక్కరోజుకి అలవాటు మానుకోవే," అన్నాడు మేస్త్రి. ఆవిడ చేసేదిలేక వెనక కూర్చుంది. తెల్ల దుప్పటి కప్పిన నమూనాను సీటు మీద పెట్టి, రెండు చేతులూ చుట్టి పట్టుకుంది. మేస్త్రి ఠీవిగా సాఫ్ట్ నొక్కాడు.

వీధి చివర కాలవ దాటగానే దడేల్మంది. పదకొండు చెట్లు పడిపోయాయి.

"నాన్నా!"

మేస్త్రి ముఖం చూస్తే, ఎవరో తెలియనివాడు తన కారులో కూర్చుని దాన్ని నడుపుతున్నట్టుంది. "ఇలా ఎప్పుడూ అవలేదే. బరువు చాలక ఎగురుతోంది, అంతే."

"ఏమండీ, ఒక్కసారి ఆ రెండోది నొక్కి చూడకూడదూ?" అంది తల్లి.

"స్పోర్టా? అది గట్టిది! కూతురి కష్టం మీద ఏమిటే నీకంత కక్ష?"

బరువు కోసం ఆయన బండి వెనక్కి తిప్పి పక్కింటి టైలరును పిలిచాడు. టైలరు నూట పది కిలోల మంచి మనిషి, పిలిస్తే చాలు వస్తాడు. నమూనాకు అవతలి పక్క మిగిలిన జానెడు చోట్లో సర్దుకుని, "ఎక్కడికి బావగారూ?" అని బండి కదిలాక అడిగాడు. తరవాతి గుంతలో ఆయన తల పైకప్పుకు కొట్టుకుంది. ఇంకో ఇరవై చెట్లు నేలకొరిగాయి.

"బావగారూ, మెత్తగా పోయే బండంటారు, ఇదేనా? ఇంకోటేమైనా ఉందా?"

ఆ మాట మేస్త్రికి గుచ్చుకుంది. బండిని నడక వేగానికి దించి, నాలుగు హెచ్చరిక దీపాలూ వెలిగించాడు. వెనక వాహనాలు బారు కట్టాయి. హారన్లు మోగుతున్నాయి. కూడలిలో నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబులు ఒక్క చూపులో అంతా చూశాడు: చీమలా పాకుతున్న కారు, తెల్ల దుప్పటి మీద వంగిపోయిన పెద్దావిడ, తల పట్టుకుని కూర్చున్న లావుపాటాయన, ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకుంటున్న అమ్మాయి. ఆ అమ్మాయి అప్పుడే, "నాన్నా, ఇంకొక్క గుంత పడిందంటే ఇక దక్కదు!" అంటోంది.

కానిస్టేబులు గుండె కరిగింది. మోటార్ సైకిలెక్కి, సైరన్ వేసి, "నా వెనకే రండి పెద్దాయనా!" అని ముందుకు దూకాడు.

"చూశావా, మన బండికి దారి ఇస్తున్నారు!" అన్నాడు మేస్త్రి. అంత గౌరవం దక్కినప్పుడు ఆగి ఎందుకని అడిగే అలవాటు ఆయనకు లేదు. ఎడమవైపు వెళ్ళవలసినవాడు కుడివైపు తిరిగి, అరవై వేగంతో, పోలీసు వెనకాలే ఆసుపత్రి వాకిట్లోకి దూసుకెళ్ళాడు. ఆఖరి ఎత్తు దగ్గర గడియారపు స్తంభం విరిగి టైలరు ఒళ్ళో పడింది.

స్ట్రెచర్ సిద్ధంగా ఉంది. ఇద్దరు మనుషులు నమూనాను దుప్పటితో సహా ఎత్తి దాని మీద పడుకోబెట్టేశారు. నర్సు నాడి చూద్దామని దుప్పటి పక్కకు తీస్తే మూడంతస్తులు కనిపించాయి.

"ఎవరండీ ఈ పేషెంటు తాలూకు?"

"నేనే," అంది కూతురు ఏడుపూ నవ్వూ కలిసిపోయి. "టైము తొమ్మిదిన్నర. పదింటికి ఇది అక్కడ ఉండాలి."

"అయితే త్వరగా కానివ్వండి. ఇక్కడిదాకా వచ్చినవాళ్ళని ఊరికే పంపం," అంటూ నర్సు టేపూ కత్తెరా జిగురూ తెచ్చింది. కూతురు అక్కడే స్తంభాన్ని అతికించి కట్టు కట్టింది, పడిన చెట్లలో దొరికినన్నింటిని నిలబెట్టింది. కానిస్టేబులు మాత్రం మోటార్ సైకిల్ అద్దంలో తన ముఖం చూసుకుంటూ అటు తిరిగి నిలబడ్డాడు.

నమూనాను మళ్ళీ బండెక్కించాక, స్తంభం అతుకు ఆరేదాకా కూతురు వేలితో పట్టుకోవాలి కనక ఆమె వెనక కూర్చుంది. తల్లికి ముందు సీటు దక్కింది. చేతిసంచిని గేరు పక్కకు జరిపి చూసేసరికి, సాఫ్ట్ బటన్ మీద భర్త చూపుడువేలు ఉంది.

"ఈ పూట దీన్ని నొక్కిపట్టుకునే నడుపుతాను. బటన్ జారిపోయే ఇలా కుదుపుతోంది, ఇక ఎలా జారుతుందో చూస్తా," అన్నాడాయన.

ముందున్న రోడ్డంతా తవ్వి పోసి ఉంది. ఆవిడ ఆ రోడ్డును చూసింది, వెనక అద్దంలో కూతురి వేలును చూసింది. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, రెండు ఫర్లాంగుల్లో అంతా ముక్కలవుతుంది. పిల్ల ఎక్కడికీ పోదు. ఎవరూ ఆవిడను ఒక్క మాట అనరు.

"ఆ వేలు తియ్యండి," అంది ఆవిడ.

"ఏమిటీ?"

"వేలు తీసి స్పోర్ట్ నొక్కండి. మీరు మోటార్లు బిగించిన రోజునుంచీ మీ సాఫ్టే గట్టిది. అప్పుడు ఈ పిల్ల నా కడుపులో ఉంది. ప్రతి గుంతకీ ప్రాణం పోయేది. ఒకరోజు సంచి తగిలి రెండోది నొక్కుకుపోతే, బండి మెత్తబడింది. అప్పట్నుంచీ మీరు అటు చూసినప్పుడల్లా నేనే నొక్కుతున్నాను. దీపం కనపడకుండా సంచి అడ్డం పెడుతున్నాను."

టైలరు కిటికీలోంచి చాలా శ్రద్ధగా ఒక గోడను చూస్తున్నాడు.

"నాలుగు కడ్డీలూ పావు తిప్పు పక్కకి బిగించేశానన్నమాట..." అన్నాడు మేస్త్రి చివరికి, చాలా నెమ్మదిగా. నాలుగింటినీ ఒకే నమ్మకంతో బిగించాడు మరి. "ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"మీరు వీధిలో అందరికీ చెప్పుకుంటుంటే చూడ్డానికి బాగుండేది."

ఆయన వేలు తీసి స్పోర్ట్ నొక్కాడు. తవ్వి పోసిన రోడ్డు మీద బండి పడవలా సాగిపోయింది. ఒక్క చెట్టు కదల్లేదు. పదికి నాలుగు నిమిషాలుండగా కార్యాలయం గుమాస్తా నమూనాను అందుకుని, స్తంభానికి ఆ కట్టేమిటని అడిగితే, "చిన్న ప్రమాదం. ఇప్పుడు బాగానే ఉంది," అన్నాడు టైలరు.

పదిహేను రోజులకు ఉత్తరం వచ్చింది. నెగ్గింది. మేస్త్రి ఆ ఉత్తరాన్ని వీధి ఈ చివరనుంచి ఆ చివరకు చదివి వినిపించాడు. తల్లి కూడా గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళందరికీ, "మా అమ్మాయి కడుతోందండీ, మూడంతస్తులు," అని తానే కట్టినంత గర్వంగా చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఒక చీర మడిచి కూతురి పెట్టెలో పెట్టింది. బండి కూడా కూతురికే ఇచ్చేస్తున్నట్టు మేస్త్రి ప్రకటించాడు. ప్రయాణానికి ముందురోజు పొద్దంతా దాన్ని కడుగుతానని షెడ్డులోనే ఉండిపోయాడు.

బయల్దేరేటప్పుడు తల్లి కిటికీలోకి వంగి, కూతురి చెవిలో, "మెత్తగా పోవాలంటే స్పోర్ట్ నొక్కాలి. మరిచిపోకే," అని చెప్పింది. బండి మలుపు తిరిగాక కూడా చాలాసేపు అక్కడే నిలబడింది.

రెండు గంటలకు ఫోన్ మోగింది.

"అమ్మా, నువ్వు చెప్పినట్టే స్పోర్ట్ నొక్కాను. నడుం విరిగిపోతోందే!"

ఆవిడ ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి భర్తను చూసింది. ఆయన గోళ్ళలో గ్రీజు ఇంకా పోలేదు.

"నిన్న నాలుగూ విప్పి సరిగ్గా బిగించాను. ఇకమీద పక్కన కూర్చున్నవాళ్ళు ఎవరూ చెయ్యి చాచనక్కర్లేదు," అన్నాడాయన నేల చూస్తూ.

ఆవిడ చెయ్యి తీసింది.

"అయితే సాఫ్టే నొక్కమ్మా. మీ నాన్న చెప్పిందే రైటు."

స్పీకర్ పెట్టి ఆ మాట మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు మేస్త్రి.