ఐదో బోరుకు ముక్క తీసిన కోడలు

ఆ ఆదివారం పొద్దున శివాని పెట్టుకున్న పని చాలా చిన్నది. మామగారికి కాఫీ ఇచ్చి, ఆయన చేత ఒక్కసారి డబ్బు గురించి ఆలోచింపజేయాలి. అంతే. ఇంత చిన్న పనికి ఊరంతా వచ్చి వాకిట్లో చెప్పులు విడుస్తుందని ఆమె మాత్రం కలగందా?

శివాని దగ్గర ఒక టారో పేక ఉంది, జోస్యాలు చెప్పేవాళ్లు వాడే బొమ్మల ముక్కలు. జోస్యం చెప్పడానికి కాదు. ఒక బొమ్మ తీసి, దాన్ని చూస్తూ జీతమంతా ఎటు పోతోందో తనను తాను ప్రశ్నించుకోవడానికి. ఆ బొమ్మల పుణ్యమా అని కంతుల మీద చీరలు కొనడం మానేసింది. తనకు పనిచేసిన మందు మామగారికీ పనిచేయకపోతుందా అనుకుంది, అమాయకురాలు.

మామగారు నారాయణకు కమలాపురం పక్కన చీనీ బత్తాయిల తోట ఉంది. ఆ తోటలో నాలుగు బోర్లు వేయించాడు. నాలుగింటిలోనూ దుమ్ము తప్ప తడి లేదు. ట్యాంకరు నీళ్లతో చెట్ల ప్రాణం నిలబెడుతూ, ఐదో బోరు కోసం ఇప్పుడు భార్య గురమ్మ డిపాజిట్ మీద కన్నేశాడు. అది ఆమె మోకాళ్ల ఆపరేషన్‌కు దాచిన డబ్బు. ఆమె సంతకం పెడితే చేతికొస్తుంది, మొగుడు అడిగితే ఆమె కాదనదు. శివాని బెంగంతా అదే.

"మామా, ఒక ముక్క తీయండి. ఇది జరగబోయేది చెప్పదు. మనల్నే ప్రశ్న అడుగుతుంది" అంది.

నారాయణ తీశాడు. ఒక ఆడమనిషి మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులా రెండు కూజాలు వంచి నీళ్లు పోస్తోంది. ఒంటి మీద గుడ్డ లేదు. శివాని గబుక్కున బొటనవేలు అడ్డం పెట్టింది.

"చూడండి మామా. రెండు చేతులా పారబోస్తాంటే కూజాలో ఏం మిగుల్తాది?"

"కూజా సంగతి నాకెందుకమ్మా? నేల చూడు, ఎంత తడిగా ఉండాదో!"

ఇంకో ముక్క తీయించింది. పిడుగు పడి కూలుతున్న ఎత్తైన బురుజు, దాని మీద నుంచి పడిపోతున్న మనుషులు.

"బోరు బండి" అన్నాడు నారాయణ మెరిసే కళ్లతో. "నిలబెడితే అచ్చం ఇట్లే ఉంటాది."

"మనుషులు పడిపోతాండారు కదా మామా?"

"నీళ్లు ఆ తీరున ఎగజిమ్మితే పడరా మరి?"

చివరి ఆశగా మూడో ముక్క. చీకట్లో లాంతరు పట్టుకుని ఒంటరిగా నిలబడ్డ ముసలాయన. మనసులోకి తొంగి చూసుకోమని దాని భావం అని శివాని చెప్పబోయేలోగా నారాయణ లేచి కండువా దులిపాడు. "రాత్రి కరెంటొస్తే మోటారు ఏసేకి పోతాండాడు పాపం. ఇంకేం కావాలమ్మా? నీ నోటి ముత్యం నిజం కానీ!"

శివాని నోటి నుంచి ఒక్క ముత్యమూ రాలలేదు. కానీ నారాయణ టీ అంగడికి చేరి చెప్పిన కథలో, కోడలు ముక్క తీసి నీళ్లు పడే బోరు పాయింటు చెప్పేసింది. అది విని పక్క చేను ఓబుళేశు తన పొలం మట్టి కవరులో పోసుకుని వచ్చాడు.

"నాకేం తెలీదన్నా. ఇది ఖర్చుల గురించి ఆలోచించుకునేకి మాత్రమే" అని మొత్తుకుంది శివాని.

"తెలిసినోళ్లంతా ఇట్లే అంటారమ్మా" అన్నాడు ఓబుళేశు, మరింత భక్తిగా.

మధ్యాహ్నానికి వాకిట్లో అడుగు పెట్టే సందు లేదు. సాయంత్రం కడప నుంచి భర్త చైతన్య ఫోన్ చేశాడు. "ఏమే, పాయింట్లు చెప్తాండావంటనే? మా మేనేజరుకు పులివెందుల దగ్గర ఐదెకరాలు ఉండాది..." శివాని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు తెల్లారేసరికి డోన్ నుంచి ఉరుకుందు అనే ఆయన బోరు బండి తోటలో దిగింది. నారాయణ నేల మీద పసుపు కుంకుమ చల్లి టెంకాయ కొట్టాడు. బండి వచ్చినప్పుడు పనివాళ్లకు అన్నం పెట్టడం ఆనవాయితీ కాబట్టి గురమ్మ సంగటి, అందులోకి చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి చేసి, శివానితో కలిసి ఆటోలో బయల్దేరింది. తోట దాకా రానని ఆటో రోడ్డు మీదే ఆగిపోయింది. చాన్నాళ్లుగా తోట మొహం చూడని మనిషి, గిన్నెలు శివాని చేతికిచ్చి, గట్టు వెంబడి ఆగి ఆగి నడిచింది. సంచిలో డిపాజిట్ కాగితం కూడా తెచ్చింది. అది చూసి శివానికి ఏడుపొచ్చింది.

సంగటి తింటూ ఉరుకుందు గొంతు తగ్గించాడు. "అమ్మా, బండి కంతులు మీద పడతాండాయి. నాకూ ఒకటి తీస్తావా?"

విసుగెత్తిన శివాని సంచిలోంచి పేక తీసి ముందుకు చాపింది. ఉరుకుందుకు వచ్చిన బొమ్మలో ఒకాయన, వరసగా పేర్చిన గిన్నెలన్నీ వెనకే వదిలేసి, కర్ర పట్టుకుని కొండ వైపు పోతున్నాడు.

"ఇది మిమ్మల్ని ఏమడుగుతాంది అన్నా?" అంది, అలవాటు కొద్దీ.

ఉరుకుందు ముద్ద మింగడం మరిచిపోయాడు. "యాడ నీళ్లు పడకున్నా ఆ రైతు మొగం నా కండ్ల ముందరే ఉంటాదమ్మా. నిద్ర పట్టదు. ఈయన చూడు, అన్నీ ఇడిచిపెట్టి ఎంత నిమ్మళంగా పోతాండాడో!" చెయ్యి కడుక్కుని లేచాడు. "రేయ్, రాడ్లు సర్దండి. ఈ బండి అమ్మేస్తాండా. నారాయణప్పా, నీ దుడ్లు నాకొద్దు."

శివానిని మినహాయిస్తే, టారో బొమ్మ చూసి నిజంగా ఆలోచించిన మనిషి అతనొక్కడే.

"టెంకాయ కొట్టినాక పోతావా? ఇదేం న్యాయమప్పా!" అని అరుస్తూ బండి వెనక పరుగెత్తాడు నారాయణ. దుమ్ములో దారి కనపడక వెనక్కి తిరిగాడు. గట్టు మీద గురమ్మ లేవడానికి చూస్తోంది. ఒక చెయ్యి శివాని భుజం మీద, ఇంకో చెయ్యి నేల మీద ఉన్నాయి. లేవలేక, నొప్పి దాచుకోవడానికి నవ్వుతోంది. రోజూ ఇంట్లో చూస్తున్న మనిషే కానీ, ఈ నవ్వును నారాయణ ఇన్నాళ్లూ చూడలేదు.

దగ్గరికి వెళ్లి, చంకల కింద చేతులేసి లేపాడు. "రేపు కడపకు పోదాం. ఆపరేషన్ చేపిద్దాం."

"మరి బోరు?"

"భూమి యాడికి పోతాది మ్మే? ఈన్నే ఉంటాది."

శివాని కొంగుతో కళ్లు తుడుచుకుంది. పేక మామగారి దగ్గర పనికిరాకపోయినా, అనుకున్నది జరిగింది.

ఆపరేషన్ బాగా అయింది. బాగా నడవొచ్చని డాక్టరు చెప్పిన రోజే, తోటకు పోవాల్సిందేనని పట్టుబట్టింది గురమ్మ. మొగుడూ కోడలూ వెంట రాగా, చెయ్యి పట్టుకోనివ్వకుండా చెట్టు చెట్టూ తిరిగింది. ఈశాన్యం మూల ఆగి మడమతో నేలను గట్టిగా తన్నింది.

"ఈడ" అంది.

"ఏందే ఈడ?"

"బోరు. నాకు కాళ్లు రాక ఇంట్లో పడుంటే, అన్నీ నీ ఇష్టమొచ్చిన చోట ఏసినావు. నీళ్లు పడమంటే యాడ పడతాయి?"

నారాయణ మొహం వెలిగిపోయింది. "అమ్మా శివానీ, ముక్కలు తెచ్చినావా?"

పేక శివాని సంచిలోనే ఉంది. ఇంట్లో మరిచిపోయానని చెప్పింది.