చప్పుడు లేదు

ఆ ఉదయం నర్సింగ్ విద్యార్థిని వేసుకున్న పథకం ఒక్కటే: అరవడం. తోటివాళ్ళు ఆమెను గొణుగుడు అని పిలిచేవారు. పోయినసారి ప్రాక్టికల్స్‌లో ఆమె చెప్పిన దాంట్లో ఒక్క ముక్కా వినపడలేదని సున్నా వేశారు. ఈసారీ తప్పితే పేరు కొట్టేస్తారు.

పరీక్ష పెట్టే పెద్ద సిస్టరుది ఒక పద్ధతి. మోకాళ్ళ నొప్పులని మంచాల దగ్గరికి రాదు. వార్డు మధ్యలో బల్ల వేసుకుని, మార్కుల కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటుంది. తెర వెనక విద్యార్థిని తాను చేసేదంతా పైకి చెప్పాలి. ఈమె విని మార్కులేస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఇదే వరస. ఎవరూ కాదనలేదు. కాదనవలసిన వాళ్ళంతా ఆమె దగ్గర పాసవ్వాల్సిన వాళ్ళే.

గొణుగుడుకి అప్పగించిన రోగి రిటైరైన డ్రిల్లు మాస్టారు. కాలి పుండుతో చేరాడు. గుండెకు ఏ జబ్బూ లేదు. భార్య తెర బయట స్టూలు మీద కూర్చుంది.

"మొదట చూడటం!" అని అరిచింది గొణుగుడు. "ఛాతీ రెండు వైపులా సమానంగా లేస్తోంది! తర్వాత తాకడం! ఒళ్ళు వెచ్చగా ఉంది! ఇప్పుడు తట్టడం!" ఎడమచేతి వేలు ఛాతీకి ఆనించి, దానిమీద కుడిచేతి వేలితో కొట్టింది. "ఇక్కడ డొల్ల! ఇక్కడా డొల్ల! ఇక్కడ మొద్దు!"

"ఎవర్నమ్మా మొద్దంటున్నావు?" మాస్టారు లేవబోయాడు.

"మిమ్మల్ని కాదండీ, చప్పుణ్ణి. కింద గుండె ఉంటే అలాగే మోగుతుంది."

తెర బయట భార్య పక్క మంచం ఆవిడతో అంది: "డొల్లంట. నేనెప్పుడో చెప్పా, ఎవరు విన్నారు?"

"ఇక వినడం! మాస్టారూ, ఊపిరి బిగబట్టండి. కదలొద్దు."

మాస్టారు బిగబట్టాడు. ఆయన లెక్కలో ఒక ఆర్డరు ముగిసేది ఇంకో ఆర్డరుతోనే. గొణుగుడు స్టెతస్కోపు ఆనించింది. ఏమీ వినపడలేదు. దాని బిళ్ళ వినపడని వైపుకి తిరిగి ఉందని కంగారులో తోచలేదు. చోటు మార్చింది. మళ్ళీ మార్చింది. నోరు మూసుకుంటే మార్కులు పోతాయి. అందుకని విన్నది విన్నట్టు చెప్పింది.

"చప్పుడు లేదు!"

భార్య తెర లాగేసింది. మాస్టారు కళ్ళు పైకప్పుకి అతికించి కొయ్యలా పడుకుని ఉన్నాడు. ముక్కుపుటాలు కూడా అదరడం లేదు.

"నన్ను అన్యాయం చేసి పోయారా అండీ!" అని ఆమె మీదపడింది. "ఈలేసి లేపేవారే! ఈలేసి తినడానికి పిలిచేవారే! ఆ ఈల కాకెత్తుకుపోలేదండీ, నేనే కాలవలో పారేశా! రెండోదీ నేనేనండీ!"

పక్క మంచం ఆవిడ శ్రుతి కలిపింది. పెద్ద సిస్టరు ఇరవై ఏళ్ళలో మొదటిసారి బల్ల దగ్గర్నుంచి లేచింది. వస్తూనే దుప్పటి మాస్టారు ముఖం మీదికి లాగింది.

"నీ చేతుల్లోనే పోయాడు. రేపట్నుంచి రానక్కర్లేదు."

గొణుగుడుకి పోవలసింది పోయింది. దానితో భయమూ పోయింది.

"మీరు చూడలేదు మేడం. తాకలేదు, తట్టలేదు, వినలేదు. నాలుగింట్లో ఒక్కటీ చెయ్యకుండా పోయాడని ఎలా చెప్పారు?" అంటూ మాస్టారి మణికట్టు పట్టుకుంది. నాడి దడదడా కొట్టుకుంటోంది. అప్పుడు వెలిగింది. "మాస్టారూ! ఊపిరి వదలండి!"

దుప్పటి జానెడు ఎత్తు లేచింది. దాని కిందనుంచి గొంతు వచ్చింది.

"ఏ కాలవలో?"

వార్డంతా చూసింది. బతికున్న మనిషికి ముసుగేసిన సంగతి పైవాళ్ళ దాకా పోకూడదంటే పెద్ద సిస్టరుకి దారి ఒక్కటే మిగిలింది. బల్ల దగ్గరికి వెళ్ళి నూటికి తొంభై వేసింది. అరిచినందుకు పది తగ్గించింది.

సాయంత్రం దాకా "ఏ కాలవలో?" అని అడుగుతూనే ఉన్న మాస్టారిని ఇక ఇంటికి తీసుకుపోవచ్చని చెబితే, మళ్ళీ పరీక్షలెప్పుడని ఆయన భార్య అడిగింది.