ఖట్కా పడని పన్నెండు కత్తులు

"పాలమూరు జిల్లాల నేరం జేసి నా కంటికి దొరకనోడు ఇంక పుట్టలే. నేరస్థుడు వచ్చి నా పక్కన గూసుంటే చాలు, వాసన బట్టి చెప్త!"

ఈ మాటలు అంటూ తిరుపతన్న కుర్చీలోంచి లేచి, గోడ మీద బల్లిని చూస్తూ నిలబడ్డాడు. పెద్ద మాటలు చెప్పేటప్పుడు ఆయన ఎప్పుడూ దూరంగా ఎటో చూస్తాడు.

"అన్నా, మేక" అన్నాను.

"మేక గాదు, నేరస్థుడు అంటున్న."

"నేను గూడ నేరస్థుడనే అంటున్న. నీ కేసుల ఫైలు తింటుంది."

వెనక్కి తిరిగేసరికి మేక 'గద్వాల రహస్యం' సగం నమిలేసింది. ఆ ఫైలు పోయినందుకు లోకానికి పెద్ద నష్టమేమీ లేదు. గద్వాలలో ఒక పెళ్ళింట్లో చీర మాయమైతే తిరుపతన్న మూడు రోజులు వెతికాడు. చివరికి ఆయన తలకింద దిండుగా పెట్టుకున్న మూటలోనే చీర ఉందని పెళ్ళివారు కనిపెట్టారు. ఫైలు మీద మాత్రం 'విజయవంతం' అని ఎర్ర సిరాతో రాసుకున్నాడు.

నాగర్‌కర్నూల్ బస్టాండు ఎదురుగా ఆయన దుకాణం. బోర్డు మీద 'తిరుపతయ్య జిరాక్స్, లామినేషన్, పరిశోధన' అని ఉంటుంది. మొదటి రెండింటికి జనం వస్తారు. నేను హరీష్‌ను, జిరాక్స్ మిషను నేనే నడుపుతాను. పరిశోధన జరిగేటప్పుడు పక్కన కూర్చుని ఆయన వంతు చాయ్ తాగుతాను.

ఇది రెండువేల ఐదు దసరా వెళ్ళిన నాలుగో రోజు సంగతి. తిరుపతన్న నుదుటిన పండుగనాటి కుంకుమ బొట్టు ఇంకా రూపాయి బిళ్ళంత అలాగే ఉంది. నాలుగు రోజులు చన్నీళ్ళ స్నానం చేసినా చెక్కుచెదరలేదు.

"జోగులమ్మ తల్లి ముద్ర ఏసింది హరీషూ. మూడో కన్ను ఇచ్చిందన్నట్టు" అని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాడు.

"నిజమే అన్నా, మామూలు బొట్టయితే గిట్ల నిలవదు" అన్నాను నేను. నేను అబద్ధం చెప్పలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

అప్పుడే సాబిర్ భాయ్ లోపలికి వచ్చాడు. గడియారాల సందులో ఆయనకు చిన్న కొట్టుంది. మడత కత్తులు చేస్తాడు, సాన పడతాడు. వాళ్ళ నాయన కూడా అదే పని చేసేవాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి, ఆ రోజు మాత్రం ముఖం కడుక్కోకుండా వచ్చినట్టున్నాడు.

"తిరుపతన్నా, జర నా ఇజ్జత్ కాపాడాలె."

తిరుపతన్న కళ్ళు మెరిశాయి. "హత్యా?"

"గాదు. బొటనవేలు."

సంగతి ఇది. కొల్లాపూర్ దారిలో జంగయ్యకు మామిడి నర్సరీ ఉంది. అంట్లు కట్టేవాళ్ళ కోసం సాబిర్ దగ్గర పన్నెండు మడత కత్తులు చేయించాడు. నిన్న అక్కడ అంట్లు కట్టే రుక్కమ్మ కొమ్మ కోస్తుంటే కత్తి ఉన్నట్టుండి మూసుకుని బొటనవేలు తెగింది. దవాఖానలో నాలుగు కుట్లు వేశారు. చూస్తే మిగతా పదకొండు కత్తులకూ ఖట్కా పడటం లేదు.

"దసరా దాక మంచిగనే ఉండె అన్నా. ఇప్పుడు జంగయ్య అన్ని కత్తులు పెట్టెల పెట్టి తాళమేసిండు. నన్ను ముట్టనిస్తలేడు. 'నీ చేతికిస్తే సప్పుడు జేయక బాగుచేసి నీ తప్పు దాచిపెడ్తవ్ సాబిర్' అంటుండు. పొద్దుగూకే లోపల కారణం జెప్పకపోతే కల్వకుర్తి, బల్మూర్, తిమ్మాజిపేట, ఎక్కడ నర్సరీ ఉంటే అక్కడ సాబిర్ కత్తి ముట్టకుండ్రి అని జెప్తడంట. మా అబ్బా పేరు పోతదన్నా."

దసరా అన్న మాట విన్నప్పుడు చాయ్ నా గొంతులో అడ్డంపడింది. దగ్గాను. చాయ్‌లో అల్లం ఎక్కువైంది, అంతే.

సాబిర్ జేబులోంచి సొంత కత్తి తీసి తెరిచాడు. 'ఖట్' మని మోగింది. "గిదీ ఖట్కా. వీపు మీద ఉన్న పట్టీకి పన్ను ఉంటది. బ్లేడు తెరిస్తే ఆ పన్ను పోయి బ్లేడు మడమల ఉన్న గాడిల కూసుంటది. కూసుందంటే మల్ల పట్టీ నొక్కేదాక బ్లేడు కదలదు."

తిరుపతన్న కత్తి అందుకుని బ్లేడు పట్టుకుని ఊపాడు. "ఊగుతుంది!"

"ఊగుతున్నది నీ చెయ్యి అన్నా."

"మరి జంగయ్య కత్తి ఎట్ల ఊగుతుంది?"

"ఊగుడు రెండు తీర్లు. పక్కలకు ఊగితే రివిటు లూజయినట్టు. గట్లయితే నాలుగు దెబ్బలు కొడితే బిగుస్తది, పెద్ద ఖతరా లేదు. ముందుకెనకకు ఊగితే పన్ను గాడిల సక్కగ కూసుంటలేదన్నట్టు. గట్లాంటి కత్తి ఎప్పుడైనా వేలు మీదనే మూస్తది. దూరం నుంచి జూసిన, జంగయ్య కత్తి ముందుకెనకకనే ఊగుతుండె. గట్లెందుకయితుందో తెల్వదు."

తిరుపతన్న నోటుబుక్కులో 'కత్తికి మడమ ఉంది' అని రాసుకుని కింద రెండు గీతలు గీశాడు.

"ఇది పెద్ద కుట్ర" అని లేచాడు. "వేషం మార్చాలె."

మారిన వేషం ఏమిటంటే, భుజం మీద తువాలు. మామిడి మొక్కలు కొనే రైతన్నమాట. ముగ్గురం ఆటోలో నర్సరీకి వెళ్ళాం. ఆయన గొంతు మార్చి, "అయ్యా, హిమాయత్ మొక్కలు ఉన్నయా?" అని అడిగాడు.

జంగయ్య తల కూడా ఎత్తలేదు. "తిరుపతయ్యా, మొన్న పాసుబుక్కు జిరాక్స్‌ల ఒక పేజీ తక్కువచ్చింది."

"నేను ఎట్ల దొరికిన?" అని నా చెవిలో అడిగాడు.

"మూడో కన్ను కనబడుతుందన్నా."

షెడ్డులో బల్ల మీద చాయ్ గిన్నె పొగలు కక్కుతోంది. రుక్కమ్మ అప్పుడే పొయ్యి మీద నుంచి దించింది. బొటనవేలికి పెద్ద కట్టు. ఆ కట్టుతోనే మిగతా నాలుగు వేళ్ళతో అంటుకు ప్లాస్టిక్ పట్టీ చుట్టాలని చూస్తోంది. చుట్టిన ప్రతిసారీ జారిపోతోంది. ఆ షెడ్డులో అందరికంటే ఎక్కువ అంట్లు బతికేది ఆమె చేతిలోనే అని జంగయ్యే చెప్తాడు. నేను అటు చూడటం మానేసి మొక్కల వైపు చూశాను. మొక్కలు బాగున్నాయి.

"ఓ హరీషూ" అని పిలిచాడు జంగయ్య. "పండుగనాడు మీ దుకాణంల నుంచి తెచ్చిన కుంకుమ పల్లెం గా మూలకున్నది. తీస్కపో. మీ తాన మిగిలిందే నా కత్తులకు సరిపోయింది."

నేను పళ్ళెం తీసుకుని గబగబా కుళాయి దగ్గరికి వెళ్ళి రుద్దడం మొదలుపెట్టాను.

రుక్కమ్మ నన్నే చూస్తోంది. "ఏం బిడ్డా, మగపోరడు అడగకముందే పల్లెం కడుగుతుండంటే ఇంట్ల ఏమన్న అయ్యిందా?"

"శుభ్రం అవ్వా. శుభ్రం మంచిది."

"మంచిదే. గట్ల గోకుతున్నవేంది?"

ఈలోగా తిరుపతన్న తాళం తీయించి పన్నెండు కత్తులూ బల్ల మీద పరిపించాడు. జంగయ్య భక్తిపరుడు. ఆయుధ పూజనాడు కత్తులన్నీ తెరిచి, మొన దగ్గర ఒక బొట్టు, పిడి మీద ఒకటి, బ్లేడు పిడిలోకి మడిచే కీలు దగ్గర ఇంకొకటి పెట్టాడు. కీలు దగ్గర మరీ దండిగా పెట్టాడట. బలమంతా అక్కడే ఉంటుందని ఆయన నమ్మకం.

తిరుపతన్న ఒక కత్తి తెరిచాడు. ఖట్ లేదు, కిట్ లేదు. పెన్నును పిడికీ బ్లేడుకూ మధ్య అడ్డంపెట్టి, రెండో చేత్తో బ్లేడు వీపు మీద నొక్కాడు. కత్తి చప్పుడు లేకుండా మూసుకుంది. పెన్ను రెండు ముక్కలైంది.

"చూసిండ్రా! పరిశోధకుని కలం మీద దాడి!" సిరా అంటిన వేలితో సాబిర్‌ను చూపించాడు. "సాబిర్! నీ కత్తి తియ్యి."

సాబిర్ తీశాడు. ఖట్.

"పన్నెండు కత్తులు చెడిపోయినయ్. నీదొక్కటే మంచిగున్నది. ఎందుకు? జవాబుందా నీ దగ్గర? కావాల్నని పన్నెండు చెడగొట్టి, ఒక్కటి దాచుకున్నవ్. నేరస్థుడు నా పక్కనుంటే వాసన పడ్తనని పొద్దున్నే చెప్పిన!"

సాబిర్ కత్తి మూసి జేబులో పెట్టుకున్నాడు. "నన్ను కాపాడమని పిలిస్తే, నన్నే పట్టుకున్నవా అన్నా?"

జంగయ్య మీసం దువ్వాడు. "నేను ముందుగాలనే అన్న. రేపు పొద్దున్నే తిమ్మాజిపేటకు ఫోన్ గొడ్త."

నా చేతిలో పళ్ళెం చాలా శుభ్రంగా ఉంది. దాన్ని ఇంకా రుద్దుతూనే ఉన్నాను.

"ఇంకొక్క పరీక్ష" అన్నాడు తిరుపతన్న. పొగడ్త వినబడితే ఆయన ఆగడు, వినబడకపోతే అసలే ఆగడు. "దీన్ని వీపు పరీక్ష అంటరు. బ్లేడు వీపుతోని బల్ల మీద కొడితే మంచి కత్తి మూయదు, దొంగ కత్తి మూస్తది. అందరు ఎనక్కి జరుగుండ్రి!"

కత్తిని తలమీదిదాకా ఎత్తి బల్ల మీద కొట్టాడు. బల్లకు అటువైపు కాలు ఒకటి ముందే విరిగి ఉంది. బల్ల ఎగిరింది. కత్తి చేతిలోంచి జారి చాయ్ గిన్నెలో పడింది. గిన్నెలోని చాయ్ లేచి తిరుపతన్న నుదుటి మీద పడింది.

"అబ్బా! కాలింది!" అని అరిచాడు. మరుక్షణం నుదుటి నుంచి ఎర్రగా ధార కట్టి ముక్కు మీదుగా మీసంలోకి దిగింది. వేలితో అద్దుకుని చూసుకున్నాడు. "రక్తం! హత్యాయత్నం! హరీషూ, నా చివరి మాటలు రాస్కో!"

"పెన్ను ఇరిగింది గదన్నా."

సాబిర్ ఇదేమీ పట్టించుకోలేదు. గరిటెతో గిన్నెలోంచి కత్తిని తీసి, తువాలుతో తుడిచి, అలవాటు కొద్దీ తెరిచాడు.

ఖట్.

సాబిర్ మళ్ళీ మూసి తెరిచాడు. ఖట్. ముందుకూ వెనక్కీ ఊపాడు. కదలలేదు. బల్ల మీద వీపుతో కొట్టాడు. కదలలేదు. ఇంకొక కత్తి తీసుకుని గాడిలోకి సూది దూర్చాడు. ఎర్రగా, గట్టిగా, చెరుకుపాకం గడ్డలా ఒక ముక్క ఊడివచ్చింది.

"గిదేంది? గాడి నిండ ఇదే ఉన్నది. పన్ను ఎట్ల కూసుంటది?"

రుక్కమ్మ లేచి వచ్చి ఆ ముక్కను వేళ్ళ మధ్య నలిపింది. చాయ్ గిన్నెలో తేలుతున్న ఎర్రటి తెట్టును చూసింది. తర్వాత తిరుపతన్న ముక్కు మీద ధారను కట్టు లేని చేత్తో తాకింది. రెండు వేళ్ళూ అంటుకుని, విడదీస్తే సాగాయి.

"రక్తం గాదు. ఉత్త కుంకుమ గూడ గాదు. దీంట్ల బంక ఉన్నది, కవర్లు అంటించే బంక. వేడి చాయ్ తగిలి కరిగింది."

"కేసు తేలిపోయింది!" అన్నాడు తిరుపతన్న, అప్పటికే బతికి బట్టకట్టి. "నేను మొదటి నుంచి కుంకుమ మీదనే అనుమానపడ్డ. నా నుదుట పెట్టుకుని నాలుగు రోజులు నిఘా పెట్టిన."

"కుంకుమ నడిచొచ్చి బంకల దుంకిందా?" అంది రుక్కమ్మ. "మీ దుకాణంల కవర్లు అంటించేది ఎవలు?"

అందరి తలలూ కుళాయి వైపు తిరిగాయి. అంత తళతళలాడే పళ్ళెం ఆ నర్సరీలో ఇంకొకటి లేదు.

"నేనే కలిపిన" అన్నాను.

"ఏంటికి?" అన్నాడు తిరుపతన్న. ఆ రోజు ఆయన అడిగిన మొదటి మంచి ప్రశ్న అది.

"నీ బొట్టు నాలుగు రోజులు పోకుండ చేసి, నువ్వు దాన్ని ఏమనుకుంటవో జూద్దామని. మూడో కన్ను అనుకున్నవ్. మస్తు నవ్విన. జంగయ్యన్న పల్లెం అడిగితే గూడ వద్దనలే. ఆయన నుదుట గూడ నిలుస్తది గదా అనుకున్న. కత్తుల కీలుకు పెడ్తడని తెల్వదు."

సాబిర్ నా దగ్గరికి వచ్చాడు. చేతిలో కత్తి లేదు, అయినా నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"నీకెప్పుడు తెలిసింది హరీష్?"

ఇక్కడ ఒక జోకు వేయొచ్చు. నాకు మూడు జోకులు తట్టాయి కూడా. రుక్కమ్మ కట్టు మీద ఎర్రటి మరక ఒకటి ఉంది. అది కుంకుమ కాదు.

"పొద్దున. దసరా దాక మంచిగుండె అన్నవు సూడు, గప్పుడే."

"మరి ఈన నన్ను దొంగ అన్నప్పుడు?"

"గప్పుడు గూడ తెలుసు. చెప్తే అందరు నన్ను జూసి నవ్వుతరని చెప్పలే. ఎప్పుడు నేనే నవ్వుతుంటి గదా భాయ్, అలవాటు లేదు."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

రుక్కమ్మ ప్లాస్టిక్ పట్టీల చుట్ట తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "నా వేలు మానేదాక నీ వేలు నాది బిడ్డా. కూసో. గట్టిగ చుట్టు, లూజుంటే అంటు సస్తది."

తిరుపతన్న వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మీసంలో ఎర్ర చాయ్ ఇంకా కారుతోంది. కాసేపు ముక్కు ఎగబీల్చి, నా వైపు జాలిగా చూశాడు.

"హరీషూ, నాలుగు రోజులు పక్కనే ఉన్నవ్. వాసన రాలేదేందిరా?"

"నీకు జలుబు అనుకున్న అన్నా" అన్నాను. అది అబద్ధం. నాలుగు రోజులూ నా వేళ్ళ నిండా బంక వాసనే.