చెమట పట్టకూడని విమానం

అమెరికా బాంబర్ విమానాల అభివృద్ధిని ఒక్క మాటలో చెప్పవచ్చు: మొదట్లో సుఖం మనిషికీ లేదు, విమానానికీ లేదు, ఇప్పుడు విమానానికి మంజూరైంది, మనిషి సంగతి పరిశీలనలో ఉంది.

తొలి విమానం కర్రా గుడ్డా. పైలట్ ఆరుబయట కూర్చుని నడిపేవాడు, వాన పడితే ఇద్దరూ తడిసేవారు. తర్వాత నాలుగు పంకాల లోహపు విమానం వచ్చింది. పైన చలికి తుపాకీవాళ్ల వేళ్లు కొంకర్లు పోయేవి. ఆ తర్వాత ఎనిమిది ఇంజన్లది. దాని కింద పడుకుని ఇరవై ఏళ్లు బోల్టులు బిగించినవాణ్ణి గనక చెబుతున్నాను, వానలో మంచులో బయటే నిలబడి కూడా అది ఒక్కసారైనా తుమ్మలేదు. (నేను తుమ్మాను. సెలవు ఇవ్వలేదు.)

చివరికి రాడార్‌కు కనిపించని గబ్బిలం లాంటి విమానం వచ్చింది. దాని పైపూతకు తేమ గిట్టదు. కనుక మిస్సోరీలో మా స్థావరంలో దానికి ఏసీ షెడ్డు కట్టారు.

మా పక్కింటి సార్జెంట్ డాల్టన్ క్రౌస్ దాని మెకానిక్కు. ఆగస్టులో వాళ్లింటి ఏసీ చచ్చిపోయింది. భార్య కెల్సీకి ఎనిమిదో నెల. ఆ పిల్ల ఉడికిపోతుంటే చూడలేక నాకు ఒళ్లు మండింది. డాల్టన్ స్థావర గృహాల అధికారిణి గిల్‌రాయ్ దగ్గరికి పరుగెత్తాడు.

"పాడైన వస్తువు ఎగిరేదా బాబూ?" అని ఆమె ఆప్యాయంగా అడిగింది.

"కాదు మేడమ్. మా ఆవిడ కూడా ఎగరదు. ఈ మధ్య కుర్చీలోంచి లేవడమే కష్టంగా ఉంది."

"అయితే సౌకర్యం కిందికి వస్తుంది. నవంబరులో చూద్దాంలే."

(నవంబరుకు మాకు చలి మొదలై హీటర్ చచ్చిపోతుంది. దాన్ని ఆగస్టులో చూస్తారు.)

మర్నాడు డాల్టన్ నిద్రలేని మొహంతో, చెమటలు కక్కుతూ పనిలోకి వెళ్లాడు. రెక్క మీద ఒక చుక్క రాలింది. తేమ నివారణ సంఘం పావుగంటలో సమావేశమైంది.

"ఈ చుక్క ఎక్కడిది?" అన్నాడు సంఘాధ్యక్షుడు కర్నల్ స్ట్రిక్లండ్.

"మా ఇంటిది సార్. ఏసీ పాడైంది."

"అంటే నీ ఇల్లు విమానానికి ప్రమాదం! సాయంత్రానికల్లా తేల్చేస్తాం."

డాల్టన్ ఆనందం పట్టలేక భార్యకు ఫోన్ చేశాడు. సాయంత్రానికి నిజంగానే తేల్చేశారు. డాల్టన్ ఇకమీదట షెడ్డులోనే పడుకోవాలి. మంచం, దుప్పటి ప్రభుత్వానివి.

తెల్లారగానే కెల్సీ వాచిన కాళ్లు ఈడ్చుకుంటూ షెడ్డు గేటు దగ్గరికి వచ్చింది.

"దొరగారికి బాగా నిద్ర పట్టిందా?"

"నిజం చెప్పాలంటే, కాస్త చలేసింది కెల్సీ."

"చలేసిందా? నీ మొహం మండ! ఇలా రా."

గట్టిగా వాటేసుకుంది. ఒంటి చెమటంతా అతని చొక్కాకు పట్టించి మరీ వదిలింది, మహాతల్లి. సంఘం మళ్లీ కూర్చుంది. పాతకాపునని నన్నూ పిలిచారు.

"ఆ ఇంటి ఏసీ బాగుచేస్తే పోతుంది కదయ్యా" అన్నాను.

"మీవి పాత విమానాల కాలం ఆలోచనలు పెద్దాయనా" అని కర్నల్ నవ్వాడు. భార్యను కౌగిలించుకున్న మెకానిక్కు స్నానం చేసి, పూర్తిగా ఆరి, ఒక పూట ఆగాకే విమానం దగ్గరికి రావాలని ఆ రోజే ఉత్తర్వు వెలువడింది. వీలైనంతవరకు కౌగిలించుకోకపోవడం మంచిదని కింద సలహా కూడా రాశారు.

సెప్టెంబరులో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డలు ఆస్పత్రి నుంచి అదే ఇంటికి వచ్చారు; నా ఫ్యాను వాళ్లకు ఇచ్చాను. డాల్టన్ రోజూ వచ్చి, గుమ్మం అవతల నిలబడి బిడ్డను చూసి వెళుతున్నాడు. ఎత్తుకోవడానికి ఇంకా అనుమతి రాలేదు. పసిపిల్లలు తడిపేస్తారని సంఘానికి ఎవరో చెప్పారు.