మా జీపు బాగుపడిన విషాదం

కదిలే బండిని నమ్మకండి. మనిషికి మేలు చేసేది కదలని బండే!

ఈ మాట నేనేదో ఊసుపోక అనడం లేదు. ఏడేళ్లుగా ఒక ముసలి ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కింద వెల్లకిలా పడుకుని, నుదుటి మీద ఆయిల్ చుక్కలు పడుతుండగా, బాగా ఆలోచించి చెబుతున్నాను.

మీరే చూడండి. నడిచే బండి ఉన్నవాడికి ఆరోగ్యం ఎక్కడిది? సీట్లో కూలబడతాడు, బటన్ నొక్కుతాడు, పొట్ట పెంచుతాడు. నేనో? పొద్దున్నే జాకీ ఎత్తాలి, చక్రం విప్పాలి, కింద దూరాలి, పైకి లేస్తూ బానెట్‌కి తల కొట్టుకోవాలి, ఏ నట్టు జారిపడిందోనని మళ్లీ కింద దూరాలి. ఏ జిమ్ములో చేయిస్తారండీ ఇన్ని రకాలు?

మా పక్కింటి బ్యాంకు మేనేజరుగారిది కొత్త కారు. మాట్లాడే కారు! తలుపు సరిగ్గా పడలేదనీ, బెల్టు పెట్టుకోలేదనీ అది ఆయన్ని సాధిస్తూనే ఉంటుంది, ఇంట్లోవాళ్లు చాలనట్టు. బానెట్ ఎత్తితే లోపల ఓ నల్లటి ప్లాస్టిక్ మూత. దాని కింద ఏముందో ఆయనకి తెలీదు. అమ్మినవాడికి తెలుసా అన్నది నా అనుమానం. మా జీపుకి అలాంటి దాపరికాలు లేవు. గుండె, ఊపిరితిత్తులు, పేగులు, అన్నీ బయటికే. ఆయిల్ ఎక్కడ కారుతోందో ఎవరైనా చూపించగలరు. ఎక్కడ కారడం లేదో చూపించమంటేనే ఇబ్బంది.

ఇక దానికి నేను చేయించిన హంగులు! మందపాటి స్ప్రింగులు వేసి ఆరంగుళాలు పైకి లేపాను. ట్రాక్టరుకి అన్నదమ్ముల్లాంటి టైర్లు తొడిగాను. ముందు బంపర్‌కి వించి పెట్టాను. అంటే, బండి బురదలో కూరుకుపోతే ఇనుపతాడుని ఏ చెట్టుకో కట్టి, తనని తానే బయటికి లాక్కునే యంత్రం. ఇంతవరకూ దాంతో మా ఆవిడ బట్టలారేసే తీగ మాత్రమే లాగాం. తీగ చాలా బిగువుగా వచ్చింది.

ఏర్లు దాటేటప్పుడు ఇంజన్లోకి నీళ్లు పోకుండా పైకప్పు దాకా ఒక గాలిగొట్టం కూడా బిగించాను. ఏనుగు తొండంలా ఉంటుంది. అది చూసి మా ఆవిడ ఒకే ఒక్క మాటంది.

"ముక్కు బాగానే వచ్చింది. కాళ్లెప్పుడొస్తాయండీ?"

ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు. సాయంత్రం ఇంటికొచ్చాక టీ కప్పుతో, ఆన్సర్ పేపర్ల కట్టతో జీపు పక్కన కూర్చుని దిద్దుకునేది. మధ్యమధ్య నాకు స్పానర్లు అందించేది. కింద నుంచి చెయ్యి చాపి "పద్నాలుగు" అంటే చాలు, నా చేతిలో పద్నాలుగు నంబరు స్పానర్ పడేది. ఒక్కోసారి పదిహేడు పడేది. ఇదేమిటని అడిగేలోగానే "ఆ బోల్టుకి అదే పడుతుంది, చూడండి" అనేది. అదే పట్టేది. నా దగ్గర శిష్యరికం చేసి పైకొస్తోందని మురిసిపోయేవాణ్ని.

కిందటి నెల వానలు పడ్డాయి కదా. ఒక మంగళవారం పొద్దున లేచి చూస్తే మా వీధిలో మోకాలి పైకి నీళ్లు. స్కూలుకి సెలవిచ్చారు. మేం పకోడీల ఆలోచనలో ఉండగా ఎదురింటి టైలరు నీళ్లలో పడుతూ లేస్తూ మా గేటు దాకా వచ్చాడు.

"అన్నయ్యా, అమ్మకి ఇవాళ డయాలసిస్. మొన్నే జరగాల్సింది, మిషను ఖాళీ లేక ఇవాళ్టికి వేశారు. పదకొండులోపు రమ్మన్నారు. అంబులెన్సు వీధి మొదట్లోనే ఆగిపోయింది. అమ్మకి అప్పుడే ఆయాసం మొదలైంది."

మేనేజరుగారు మంచి మనిషి. వెంటనే తన కారు తీశారు. పది గజాలు పోయాక అది ఒంట్లో ఉన్న దీపాలన్నీ వెలిగించుకుని, దగ్గర్లోని సర్వీస్ సెంటర్‌ని సంప్రదించమని మర్యాదగా సలహా ఇచ్చి, నోరు మూసుకుంది.

అప్పుడు అందరూ నా వైపు తిరిగారు. "మీ జీపు ఉంది కదన్నయ్యా!" అన్నాడు టైలరు.

ఏడేళ్లుగా నేను ఎదురుచూసిన మాట! ఆ మాట వినపడిన క్షణాన మా జీపు స్టార్టర్ మోటారు పదకొండు ముక్కలుగా మా భోజనాల బల్ల మీద, పాత పేపరు పరుచుకుని పడుకుని ఉంది. దానికేం రోగం లేదు. ముందు రోజు దాకా భేషుగ్గా పనిచేస్తోంది. ఇంకా బాగా పనిచెయ్యాలని విప్పాను. బండిని తోసి స్టార్ట్ చేద్దామంటే గేటు బయట ఏరు పారుతోంది.

"ఒక్క రెండు రోజులు టైమిస్తే..." అన్నాను.

టైలరు వెనక్కి తిరిగి తన ఇంటి కిటికీ వైపు చూశాడు. ఆ చూపు నేను మర్చిపోలేను. 

మా ఆవిడ చీర కొంగు నడుముకి దోపుకుని బల్ల ముందు కుర్చీ లాక్కుంది. పదకొండు ముక్కలూ ఒకసారి వరసగా పేర్చుకుంది. పావుగంటలో అవి ఒకటయ్యాయి. బయటికొచ్చి బానెట్ ఎత్తింది.

"టార్చి పట్టుకోండి. ఆ, కొంచెం కిందికి. పదిహేడు ఇవ్వండి."

పద్నాలుగు ఇచ్చాను. వెనక్కిచ్చి, తనే తీసుకుంది.

తాళం తిప్పగానే ఇంజన్ ఒక్క దగ్గు దగ్గి అందుకుంది. డ్రైవింగ్ సీటు వైపు నేనొక అడుగు వేశాను.

"మీరు ముందు నడవండి. కర్రతో గోతులు చూసుకుంటూ. మూత లేని మురుగు కాలవలున్నాయి," అంది అందులో ఎక్కుతూ.

పెద్దావిణ్ని టైలరూ మేనేజరుగారూ కుర్చీతో సహా మోసుకొచ్చి ఎక్కించారు. అలా ఏడేళ్ల తర్వాత నా జీపు మొదటిసారి సాహసయాత్రకి బయల్దేరింది. నేను కర్రతో నీళ్లు పొడుచుకుంటూ దాని ముందు నడిచాను. మెయిన్ రోడ్డు రాగానే అది హారన్ కొట్టి, నా మీద నీళ్లు చిమ్మి, వెళ్లిపోయింది. పదకొండుకి పది నిమిషాలుండగా ఆసుపత్రి చేరారట. ఇంజన్లోకి చుక్క నీరు పోలేదు. ఆ గొట్టం గురించి ఎవరూ ఒక్క మాటా అనలేదు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను.

పెద్దావిడ కోలుకుంది. కోలుకుని, ఇకమీదట ఆ జీపులో తప్ప రానని భీష్మించింది. "ఆ చిన్నకార్లలో నడుం వంచలేను తల్లీ. ఇందులోనైతే అందరి నడినెత్తులూ కనిపిస్తున్నాయి. సగం ఊరికి బట్టతలే," అందట మా ఆవిడతో.

ఇప్పుడు మంగళ, శుక్రవారాలు మా ఆవిడ స్కూలుకి పోతూ ఆవిణ్ని ఆసుపత్రిలో దింపుతోంది. సెలవు రోజున బోల్టులన్నీ తనే బిగించుకుంది. "మీకు దణ్ణం పెడతాను, దాన్ని ముట్టుకోకండి. వారానికి రెండుసార్లు అది కదలాలి," అంది. జీపు గడియారంలా నడుస్తోంది.

ఇంతకన్నా ఘోరం ఏముంటుంది చెప్పండి!

ఇప్పుడు సాయంత్రాలు ఆవిడ లోపల ఫ్యాన్ కింద పేపర్లు దిద్దుకుంటోంది. నేను వరండాలో కూర్చుంటున్నాను. "టీ తాగారా?" "తాగాను." అంతే. అదే జీపు కింద ఉన్నప్పుడైతేనా! బండి కిందున్న మనిషికి ముఖం కనపడదు. ముఖం కనపడకపోతే చెప్పడం తేలికేమో మరి. చదువుకునే రోజుల్లో తనకి ఇంజనీరింగులో సీటొచ్చిందనీ, ఇంట్లో పంపలేదనీ ఆవిడ నాకు చెప్పింది అక్కడే, క్లచ్ ప్లేటు మారుస్తుండగా. అప్పటికి మా పెళ్లై పంతొమ్మిదేళ్లు. నేను కింద నుంచి "పన్నెండు ఇవ్వు" అన్నాను. ఇచ్చింది.

నడిచే బండి మనిషిని ఎక్కడికైనా తీసుకెళ్తుంది, నిజమే. మా ఇంట్లో మాత్రం ఇద్దర్నీ ఒక చోట కూర్చోబెట్టింది నడవని బండే.

మొన్న ఆవిడ జీపు లోపల పెట్టి, దిగి, కాసేపు అక్కడే నిలబడింది.

"ఏవండీ, వెనక ఎడమ చక్రం దగ్గర ఏదో చప్పుడొస్తున్నట్టుంది."

వీధి చివరిదాకా నడిపి చూశాను. ఏ చప్పుడూ లేదు. ఏడేళ్లు ఆ బండి మూలుగులు విన్న చెవులివి.

"అవును, పెద్ద చప్పుడే. కిందకి దూరి చూడాలి," అన్నాను.

ఆవిడ పేపర్ల కట్ట తెచ్చుకుని పక్కన కూర్చుంది. ఇవాళ్టికి మూడు సాయంత్రాలైంది. వెతుకుతున్నాను. ఇంకా దొరకలేదు.